బతికున్న లీగ్‌కి తద్దినం

2014 మార్చి 16, ఆదివారం. అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళకి అది పండగ ముందురోజు లాంటిది. ఆ ఏడాది ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో ఎవరు ఎవరితో ఆడాలో ఆ సాయంత్రమే ప్రకటిస్తారు. ఆ హడావిడి కాస్త సద్దుమణిగాక, అదే రాత్రి ఈఎస్‌పీఎన్ ఛానెల్ ఒక డాక్యుమెంటరీ వేసింది. పేరు 'రెక్వియమ్ ఫర్ ద బిగ్ ఈస్ట్'. దర్శకుడు ఎజ్రా ఎడెల్మన్. తర్వాత ఓ.జె. సింప్సన్ మీద డాక్యుమెంటరీ తీసి ఆస్కార్ తెచ్చుకున్నది ఈయనే.

రెక్వియమ్ అంటే కేథలిక్ చర్చిలో పోయినవాళ్ళ ఆత్మశాంతి కోసం చేసే ప్రార్థన. మన మాటల్లో కాస్త దగ్గరగా చెప్పాలంటే తద్దినం. ఇక్కడ చిక్కేమిటంటే, ఆ సినిమా వచ్చేనాటికి బిగ్ ఈస్ట్ అనే పేరుతో ఒక లీగ్ నిక్షేపంగా ఆడుతోంది. సరిగ్గా ముందురోజు రాత్రి న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో దాని టోర్నమెంట్ ఫైనల్ జరిగింది. ప్రావిడెన్స్ కాలేజీ 65-58 తేడాతో క్రైటన్ మీద గెలిచింది. 1994 తర్వాత వాళ్ళకి మళ్ళీ దక్కిన కప్పు అది. ఆ లీగ్‌ని పుట్టించిన మనిషి పనిచేసిన కాలేజీ కూడా అదే. వాళ్ళు కప్పు ఎత్తి ఇరవైనాలుగు గంటలు గడిచాయో లేదో, టీవీలో లీగ్‌కి పిండం పెట్టేశారు.

ఈ గొడవ నాకెందుకు అంటారా? చదువుకోవడానికి వచ్చి న్యూజెర్సీలో ఉద్యోగంలో చేరిన వేలమంది తెలుగువాళ్ళలో నేనొకణ్ణి. కాలేజీ బాస్కెట్‌బాల్ నాకు ఆఫీసు కాఫీ మెషీన్ దగ్గర దొరికింది. సీటన్ హాల్ పక్కవీధిలో పెరిగిన పెద్దాయన ఒకరు, సిరక్యూస్‌లో చదివిన మా లీడ్ ఒకతను, కనెక్టికట్ యూనివర్సిటీలో, అంటే యూకాన్‌లో, ఎం.ఎస్. చేసిన మా గుంటూరు ఫ్రెండ్ ఒకడు. సోమవారం పొద్దున్నే వీళ్ళ ముగ్గురి మధ్య నిలబడితే చాలు, ఆట చూడకపోయినా సగం అర్థమైపోయేది. ఆ సినిమా చూశాక మాత్రం ముగ్గురూ మూడు వేరే సినిమాలు చూసినట్టు మాట్లాడారు. ఒకే చరిత్ర, ముగ్గురు వారసులు, మూడు దస్తావేజులు. అప్పట్నించీ నాకు ఆట కంటే ఆ దస్తావేజుల మీదే ఆసక్తి ఎక్కువ.

*

ముందు కాన్ఫరెన్స్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. మన దగ్గర యూనివర్సిటీ జట్టు ఆడే మ్యాచ్‌కి టికెట్ కొని వెళ్ళేవాళ్ళు అరుదు. అమెరికాలో అది పెద్ద వ్యాపారం. వందలాది కాలేజీలు ఉంటాయి కాబట్టి అవి గుంపులు గుంపులుగా చేరి, ఏడాదంతా ఎక్కువగా తమలో తాము ఆడుకుంటాయి. ఆ గుంపే కాన్ఫరెన్స్. చివర్లో గుంపు టోర్నమెంట్ గెలిచినవాళ్ళకి జాతీయ టోర్నమెంట్‌లో నేరుగా చోటు దొరుకుతుంది. మిగతా చోట్లు కమిటీ పంచుతుంది.

1970లలో ఈశాన్య అమెరికాలోని పెద్ద జట్లకి ఇలాంటి గట్టి గుంపు లేదు. న్యూయార్క్, బోస్టన్, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ చుట్టుపక్కల మంచి కాలేజీలు ఉన్నాయి, వీధి కోర్టుల్లో మంచి ఆటగాళ్ళూ ఉన్నారు. కానీ ఆ కుర్రాళ్ళు పేరున్న లీగ్ కోసం దక్షిణాదికో మిడ్‌వెస్ట్‌కో వెళ్ళిపోయేవాళ్ళు. ప్రావిడెన్స్ కాలేజీలో కోచ్‌గా చేసిన డేవ్ గావిట్ ఇది గమనించాడు. 1973లో తన చిన్న కాలేజీని ఫైనల్ ఫోర్ దాకా తీసుకెళ్ళిన మనిషి. 1980 ఒలింపిక్స్‌కి అమెరికా జట్టు కోచ్‌గా ఆయన్నే ఎంచుకున్నారు, కానీ అమెరికా ఆ మాస్కో ఒలింపిక్స్‌ని బహిష్కరించింది. అలా వెళ్ళని జట్టుకి కోచ్‌గా మిగిలిపోయాడు. ఆయన అసలు పని మాత్రం ఏడాది ముందే మొదలైంది.

1979 మే నెలాఖరులో ఆయన కూడగట్టిన ఏడు కాలేజీలివి: ప్రావిడెన్స్, సెయింట్ జాన్స్, జార్జ్‌టౌన్, సిరక్యూస్, సీటన్ హాల్, కనెక్టికట్, బోస్టన్ కాలేజ్. మరుసటి ఏడాది విల్లనోవా, 1982లో పిట్స్‌బర్గ్ చేరాయి. ఈ జాబితాని ఆటగాడి కళ్ళతో చూస్తే తికమకగా ఉంటుంది. సీటన్ హాల్ గొప్ప జట్టేం కాదు, బోస్టన్ కాలేజ్ అంతకన్నా కాదు. టీవీ కళ్ళతో చూస్తే అంతా తేటతెల్లం. న్యూయార్క్, న్యూజెర్సీ, బోస్టన్, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్, హార్ట్‌ఫర్డ్. ఒక్కో కాలేజీ వెనక ఒక్కో నగరం, ఒక్కో నగరంలో లక్షల టీవీ సెట్లు. గావిట్ జట్లని కాదు, ఊళ్ళని ఏరుకున్నాడు.

అదే ఏడాది సెప్టెంబర్ 7న, కనెక్టికట్‌లోని బ్రిస్టల్ అనే చిన్న ఊళ్ళో ఈఎస్‌పీఎన్ అనే కేబుల్ ఛానెల్ మొదలైంది. రోజంతా ఆటలే చూపిస్తామన్నారు. చూపించడానికి వాళ్ళ దగ్గర ఆటల్లేవు. గావిట్ దగ్గర ఆటలున్నాయి, చూపించేవాళ్ళు లేరు. పెళ్ళిళ్ళ పేరయ్య అవసరం లేకుండానే సంబంధం కుదిరిపోయింది. ఎనభైల్లో ఆ ప్రాంతపు పిల్లలు చలికాలం రాత్రుళ్ళు నేర్చుకున్న భూగోళం ఇదే: సోమవారం రాత్రి జార్జ్‌టౌన్ ఎక్కడ ఆడుతోంది, ఆ ఊళ్ళో హాలు ఎంత పెద్దది, అక్కడి జనం ఎంత గోల చేస్తారు.

*

సినిమా ఎక్కువ భాగం ఈ ఎనభైల్లోనే తిరుగుతుంది. తిరగదగ్గ కాలమే.

1980 ఫిబ్రవరిలో సిరక్యూస్ తన పాత హాలు మాన్లీ ఫీల్డ్ హౌస్‌లో ఆఖరి మ్యాచ్ ఆడింది. సొంతగడ్డ మీద వరసగా 57 గెలుపులు. అక్కడికి జార్జ్‌టౌన్ వచ్చి 52-50తో గెలిచి, ఆ హాలుకి తామే తాళం వేశామన్నట్టు వెళ్ళిపోయింది. ఆ మాట మైకులో అన్న కోచ్ జాన్ థాంప్సన్. ఆరడుగుల పది అంగుళాల మనిషి, భుజం మీద తెల్ల తువ్వాలు. ఆ ఒక్క మాటతో సిరక్యూస్ వాళ్ళకి ముప్పై ఏళ్ళకి సరిపడా పగ దొరికింది. మా సిరక్యూస్ లీడ్ ఆ మ్యాచ్ నాటికి పుట్టనేలేదు. అయినా తువ్వాలు కనబడగానే టీవీకేసి ఒక బూతుమాట విసిరాడు. పగ కూడా పొలంలాగే వారసత్వంగా వస్తుంది.

తర్వాత 1984లో అదే సిరక్యూస్‌లో పెర్ల్ వాషింగ్టన్ అనే బ్రూక్లిన్ కుర్రాడు బోస్టన్ కాలేజ్ మీద ఆఖరి క్షణంలో సగం కోర్టు అవతల్నించి బంతి విసిరాడు. అది పడిందో లేదో నిలబడి చూసుకోకుండా, అదే ఊపులో సరాసరి సొరంగంలోకి పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయాడు. బంతి పడింది, స్కోరు 75-73. మరుసటి ఏడాది ఫిబ్రవరి 27న గార్డెన్‌లో నంబర్ వన్ సెయింట్ జాన్స్‌తో నంబర్ టూ జార్జ్‌టౌన్ తలపడింది. సెయింట్ జాన్స్ కోచ్ లూ కార్నెసెక్కాకి రంగురంగుల గీతల స్వెటర్ ఒకటి ఉండేది. అది వేసుకున్నప్పట్నించి జట్టు ఓడటం లేదని ఊరంతా చెప్పుకునేవారు. ఆ రాత్రి థాంప్సన్ కోటు గుండీలు విప్పి చూపిస్తే లోపల అచ్చం అలాంటిదే. హాలంతా నవ్వు. ఆట మాత్రం జార్జ్‌టౌన్ 85-69తో గెలిచింది.

ఇక 1985 ఏప్రిల్ 1. ఫైనల్ ఫోర్‌లోని నాలుగు జట్లలో మూడు బిగ్ ఈస్ట్‌వే: జార్జ్‌టౌన్, సెయింట్ జాన్స్, విల్లనోవా. ఆరేళ్ళ వయసున్న లీగ్‌కి ఇది చిన్న విషయం కాదు. ఫైనల్లో ఎనిమిదో సీడ్ విల్లనోవా వేసిన 28 షాట్లలో 22 పడ్డాయి. పాట్రిక్ ఈవింగ్ ఉన్న జార్జ్‌టౌన్, ముందటేడు జాతీయ విజేత అయిన జార్జ్‌టౌన్, 66-64తో ఓడిపోయింది. ఇన్ని సెకన్లలో షాట్ వెయ్యాలనే నియమం లేకుండా జరిగిన ఆఖరి ఫైనల్ అది. కాబట్టి విల్లనోవా కుర్రాళ్ళు ఓపిగ్గా, బంతిని బిడ్డలా దాచుకుని, కుదిరినప్పుడే వేశారు.

ఇంతవరకూ అందరూ ఒకే మాట. "అవీ రోజులంటే!" అన్నాడు సీటన్ హాల్ పెద్దాయన. ఐదు తప్పులు చేస్తే ఆటగాణ్ణి బయటికి పంపడం అంతటా రూలైతే, బిగ్ ఈస్ట్ వాళ్ళు కొన్నాళ్ళు ఆరు తప్పులు ఒప్పుకున్నారని, అంత మొరటుగా ఆడేవారని గర్వంగా చెప్పాడు. మొరటుతనం గురించి అంత ప్రేమగా మాట్లాడేవాళ్ళని నేను మా ఊళ్ళో కబడ్డీ దగ్గరే చూశాను.

*

తర్వాత సినిమాలో ఇంకో రకం మొరటుతనం వస్తుంది. అక్కడ గది నిశ్శబ్దమైంది.

పాట్రిక్ ఈవింగ్ జమైకాలో పుట్టి, చిన్నప్పుడే మసాచుసెట్స్ వచ్చినవాడు. 1981లో జార్జ్‌టౌన్‌లో చేరాడు. అతను ఏ ఊరెళ్ళినా స్టాండ్స్‌లో అట్టముక్కలు లేచేవి. అతనికి చదవడం రాదని ఒకటి, అతన్ని కోతితో పోలుస్తూ ఇంకొకటి. కోర్టులోకి అరటితొక్క విసిరిన సందర్భం కూడా ఉంది. ఇవన్నీ ఎక్కడో మారుమూల కాదు, చదువుకున్న కాలేజీ పిల్లల మధ్య, దేశంలో పేరున్న కేథలిక్ విద్యాసంస్థల మ్యాచ్‌లలో జరిగాయి. ఆ చదవడం రానివాడు 1985లో ఫైన్ ఆర్ట్స్‌లో పట్టా పుచ్చుకుని మరీ వెళ్ళాడు.

థాంప్సన్ తన పిల్లల్ని పత్రికలవాళ్ళకి అందనిచ్చేవాడు కాదు. టోర్నమెంట్‌కి వెళ్తే ఊరికి దూరంగా దించేవాడు. దానికి పొగరు అని పేరు పెట్టారు. 1982లో ఫైనల్ ఫోర్‌కి వెళ్ళిన తొలి నల్లజాతి కోచ్ మీరే కదా, ఎలా ఉంది అని ఎవరో అడిగితే ఆయన మండిపడ్డాడు. ఆ మాట ఒప్పుకుంటే తనకి ముందువాళ్ళెవరికీ సత్తా లేదని ఒప్పుకున్నట్టేననీ, వాళ్ళకి లేనిది సత్తా కాదు అవకాశమనీ ఆయన వాదన. అదే ఏడాది ఫైనల్లో ఆఖరి సెకన్లలో ఒక్క పాయింటు వెనకబడి ఉండగా, ఫ్రెడ్ బ్రౌన్ అనే అతని ఆటగాడు కంగారులో బంతిని ప్రత్యర్థి చేతికే ఇచ్చాడు. నార్త్ కరోలినా 63-62తో గెలిచింది. దేశమంతా చూస్తుండగా థాంప్సన్ ఆ కుర్రాణ్ణి గుండెలకి హత్తుకున్నాడు. రెండేళ్ళకి కప్పు గెలిచిన రాత్రి మళ్ళీ అదే కుర్రాణ్ణి హత్తుకున్నాడు. 1989 జనవరిలో, ఆటగాళ్ళ స్కాలర్‌షిప్‌లని పరీక్ష మార్కులకి మరింత బిగించే ఎన్‌సీఏఏ నియమం నల్లపిల్లల్నే ఎక్కువ దెబ్బతీస్తుందని, బోస్టన్ కాలేజ్‌తో మ్యాచ్ మొదలయ్యే ముందు కోర్టు వదిలి వెళ్ళిపోయాడు.

ఈ భాగం గురించి తర్వాత చాలామందిని అడిగాను. వేర్వేరు జట్ల అభిమానులు, తెల్లవాళ్ళు, యాభై దాటినవాళ్ళు. అందరూ సిగ్గుపడ్డారు, అందులో అబద్ధం లేదు. కాకపోతే ప్రతివాళ్ళూ "అది ఫలానా కాలేజీ వాళ్ళు చేసిన పని" అన్నారు. ఆ ఫలానా కాలేజీ వాళ్ళని అడిగితే ఇంకో ఫలానా. పెర్ల్ బంతి విసిరిన రాత్రి ఎక్కడ కూర్చున్నారో సీటు నంబరుతో సహా చెబుతారు. స్వెటర్ రాత్రి గార్డెన్‌లో ఉన్నామనేవాళ్ళని లెక్కపెడితే ఆ హాలు సరిపోదు. అట్టముక్క పట్టుకున్నవాళ్ళు మాత్రం ఒక్కరూ దొరకరు.

స్వర్ణయుగాల గురించి మాట్లాడేటప్పుడు నాకిది గుర్తుంటుంది. "ఆ రోజులే వేరు" అన్న మాట అబద్ధమని కాదు. ఎవరికి వేరు అని అడగాలి. ఎడెల్మన్ సినిమాలో నాకు నచ్చిన సంగతి కూడా ఇదే. తద్దినం వంటలన్నీ వడ్డిస్తూనే, పోయినవాడి సంగతులు కొన్ని భోజనాల మధ్యే గుర్తుచేశాడు.

*

మరి లీగ్ ఎలా పోయింది? అభిమానుల్ని అడిగితే ఒకే మాటలో చెప్పేస్తారు: ఫుట్‌బాల్. అంటే అమెరికన్ ఫుట్‌బాల్, హెల్మెట్లు పెట్టుకుని ఆడేది. సమాధానం తప్పు కాదు, కానీ కథ ఇంకాస్త ముందు మొదలైంది.

1984 వరకూ కాలేజీ ఫుట్‌బాల్ టీవీ హక్కులు ఎన్‌సీఏఏ గుప్పిట్లో ఉండేవి. ఏ జట్టు ఎన్నిసార్లు టీవీలో కనబడాలో వాళ్ళే చెప్పేవారు. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కాయి. 1984 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ గుత్తాధిపత్యం చెల్లదని తీర్పిచ్చింది. ఇక ఎవరి ఆట వాళ్ళు అమ్ముకోవచ్చు. ఆ ఏప్రిల్లోనే జార్జ్‌టౌన్ కప్పు తెచ్చుకుని వాషింగ్టన్‌లో ఊరేగింది. మూడు నెలలు తిరక్కుండా అదే ఊళ్ళో, ఆ లీగ్‌ని నిదానంగా మింగబోయే డబ్బుకి తలుపులు తెరుచుకున్నాయి. ఆ రెంటినీ కలిపి చూసినవాళ్ళు అప్పట్లో ఎంతమందో!

ఫుట్‌బాల్ జట్టు పోషించడం మామూలు విషయం కాదు. 2025 దాకా ఉన్న నియమం ప్రకారం పెద్ద స్థాయిలో ఆడే జట్టుకి 85 మందికి స్కాలర్‌షిప్‌లు ఇవ్వగలిగేవారు, బాస్కెట్‌బాల్‌కైతే 13. చిన్న కేథలిక్ కాలేజీలకి ఆ ఖర్చు తలకి మించినది. సిరక్యూస్, పిట్స్‌బర్గ్, బోస్టన్ కాలేజ్‌లకి ఫుట్‌బాల్ ఉంది. అంటే మొదట్నించీ ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. 1982లో ఫుట్‌బాల్‌కి పేరున్న పెన్ స్టేట్ చేరతానంటే, ఒక్క ఓటు తక్కువై తలుపు తీయలేదు. ఆ ఒక్క ఓటు పడి ఉంటే ఏమయ్యేదన్నది ఇప్పటికీ అభిమానులకి తెగని పంచాయితీ. 1991లో ఆలస్యంగా మయామీని తెచ్చుకుని ఫుట్‌బాల్ లీగ్ కూడా పెట్టారు. 2004లో మయామీ, వర్జీనియా టెక్, మరుసటి ఏడాది బోస్టన్ కాలేజ్ దక్షిణాది లీగ్ ఏసీసీకి వెళ్ళిపోయాయి. ఖాళీలు నింపడానికి లూయీవిల్, మార్కెట్, డిపాల్ వగైరా వచ్చాయి. బాస్కెట్‌బాల్‌లో జట్లు 16కి చేరాయి. 2009లో సిరక్యూస్, యూకాన్ ఆరు ఓవర్‌టైములు ఆడి అర్ధరాత్రి దాటాక 127-117 దగ్గర ఆగాయి. 2011లో జాతీయ టోర్నమెంట్‌కి ఏకంగా 11 జట్లు వెళ్ళాయి, యూకాన్ కప్పు గెలిచింది. బయటినించి చూస్తే ఇల్లు కళకళలాడుతోంది.

ఆ వసంతంలోనే ఈఎస్‌పీఎన్ కొత్త ఒప్పందం ఇస్తానంటే లీగ్ కాదంది, ఇంకా ఎక్కువ వస్తుందన్న ఆశతో. సెప్టెంబర్ 16న డేవ్ గావిట్ చనిపోయాడు. రెండు రోజులకి సిరక్యూస్, పిట్స్‌బర్గ్ ఏసీసీకి వెళ్తున్నట్టు అధికారికంగా ప్రకటించాయి. కథల్లో రాస్తే అతి అనిపిస్తుంది, చరిత్రకి ఆ మొహమాటం లేదు. ఆ తర్వాత బోస్టన్ కాలేజ్ క్రీడల డైరెక్టర్ ఒక పత్రికతో మాట్లాడుతూ, ఏం చెయ్యాలో తమకి చెప్పింది టీవీయే, ఈఎస్‌పీఎన్నే అన్నట్టు మాట జారాడు. తర్వాత తప్పుగా మాట్లాడానని వెనక్కి తీసుకున్నాడు. ఛానెల్ కాదంది. కానీ అభిమానులకి ఆ మాట చాలు.

అందుకే ఈ సినిమా మీద అన్నిటికంటే సూటిగా వచ్చిన ఆక్షేపణ దర్శకుడి మీద కాదు, నిర్మాత మీద. తద్దినం పెడుతున్నది ఎవరు? లీగ్ పుట్టినప్పుడు పక్కనున్నదీ ఆ ఛానెలే, విడిపోయినప్పుడు అవతలివాళ్ళకి డబ్బిచ్చిందీ అదే, ఇప్పుడు కన్నీళ్ళ సంగీతం వేస్తున్నదీ అదే. పైగా మిగిలిన బిగ్ ఈస్ట్ 2013లో పోటీ ఛానెల్ ఫాక్స్‌తో పన్నెండేళ్ళ ఒప్పందం చేసుకుంది. "మా ఇంట్లోంచి వెళ్ళిపోయావు కాబట్టి నువ్వు చచ్చావు" అన్నట్టుందని మా పెద్దాయన తేల్చేశాడు. ఎడెల్మన్‌కి ఆ ఉద్దేశం ఉందని నేననుకోను. సినిమాలో డబ్బు గురించి దాపరికం కూడా లేదు. అయినా చరిత్ర ఎవరి ఖర్చుతో తీశారన్నది చరిత్రలో భాగమే.

*

విడిపోయే పద్ధతి కూడా చూడదగ్గదే. 2012 డిసెంబర్ నాటికి బిగ్ ఈస్ట్‌లో చేరతామన్నవాళ్ళలో పసిఫిక్ తీరంలోని శాన్ డియేగో స్టేట్ కూడా ఉంది. తూర్పు అన్న మాటకి అర్థం పోయిన ఆ నెలలోనే, ఫుట్‌బాల్ పెద్దగా లేని ఏడు కేథలిక్ కాలేజీలు మేం వేరుపడతాం అన్నాయి. జార్జ్‌టౌన్, విల్లనోవా, సెయింట్ జాన్స్, ప్రావిడెన్స్, సీటన్ హాల్, మార్కెట్, డిపాల్. మరుసటి వసంతానికి ఆస్తుల పంపకం తేలింది. డబ్బులో సింహభాగం అవతలివాళ్ళకి. వీళ్ళకి పేరు, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. జేవియర్, బట్లర్, క్రైటన్‌లని కలుపుకుని పదిమందిగా 2013 జులైలో మళ్ళీ మొదలుపెట్టారు. అవతలివాళ్ళు అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్ అని కొత్త పేరు పెట్టుకున్నారు. పాత చట్టం ప్రకారం చూస్తే పాత సంస్థ కొనసాగింపు ఆ కొత్త పేరుదే. జనం దృష్టిలో మాత్రం పేరు ఎక్కడుంటే చరిత్ర అక్కడే.

2014 మార్చిలో ఇది చూస్తున్న తెలుగువాడికి వేరే సంగతులు గుర్తురాకుండా ఎలా ఉంటాయి? రాష్ట్ర విభజన చట్టానికి ఆమోదముద్ర పడి రెండు వారాలైంది. పేరు ఎవరికి, రాజధాని ఎవరికి, అప్పులు ఎవరికి అన్న మాటలే మా ఫోన్లలో మోగుతున్నాయి. ఆ పోరాటాలూ త్యాగాలూ ఒక బంతాటతో తూచేవి కావు, తూచడం నా ఉద్దేశమూ కాదు. కానీ విడిపోయినప్పుడు పంచుకోలేనిది ఒకటి ఉంటుందని, అది కాగితాల మీదికి రాదని ఆ నెలలో నాకు రెండు వైపులనించీ వినబడింది.

సినిమా చూశాక ముగ్గురూ ఏమన్నారో ఇప్పుడు చెబుతాను. సిరక్యూస్ అతనికి గర్వం, దాని కింద కాస్త తప్పుచేసిన ఇబ్బంది. వెళ్ళిపోయింది తన కాలేజీయే మరి. "మేం వెళ్ళకపోతే ఇంకెవరో వెళ్ళేవారు" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. సీటన్ హాల్ పెద్దాయనకి కోపం. "ఎవరు పోయారు? నిన్న రాత్రి నేను గార్డెన్‌లో ఉన్నాను!" అన్నాడు. నిజంగా ఏడ్చినవాడు మా యూకాన్ ఫ్రెండే. వాళ్ళది వెళ్ళినవాళ్ళ జట్టూ కాదు, మిగిలినవాళ్ళ జట్టూ కాదు. ఏసీసీ పిలవలేదు, ఏడుగురూ కలుపుకోలేదు. ఏ ఇంట్లోనూ గది దొరకలేదు. పైగా సినిమా ఎనభైల మీదే మోజుపడటంతో, తొంభైల్నించి వాళ్ళు కట్టిన రాజ్యానికి దొరికిన చోటు తక్కువ. 1996 ఫైనల్లో ఐవర్సన్ ఉన్న జార్జ్‌టౌన్ మీద ఒక్క పాయింటుతో గెలవడం, 1999, 2004, 2011 కప్పులు. ఇక 1995లో ఒక్క మ్యాచ్ ఓడకుండా 35 గెలిచిన వాళ్ళ ఆడపిల్లల జట్టు కూడా బిగ్ ఈస్ట్‌దే. ఈ కథ మగవాళ్ళ కథ కాబట్టి ఆ అమ్మాయిలకి తద్దినం భోజనానికి కూడా పిలుపు రాలేదు. "మావాళ్ళు పోయారనీ చెప్పరు, ఉన్నారనీ చెప్పర్రా" అన్నాడు.

సరిగ్గా 22 రోజుల తర్వాత, ఏప్రిల్ 7న, యూకాన్ కెంటకీ మీద 60-54తో గెలిచి జాతీయ విజేత అయింది. ఏ లీగ్ తరఫున? ఆ కొత్త పేరు చాలామందికి నోరు తిరగనే లేదు.

*

చచ్చిందన్న లీగ్ తర్వాత ఏం చేసిందో చూడండి. 2016లో విల్లనోవా ఆఖరి సెకన్లో క్రిస్ జెంకిన్స్ వేసిన బంతితో 77-74కి నార్త్ కరోలినాని ఓడించింది. 2018లో మళ్ళీ గెలిచింది. 2020లో యూకాన్ ఇంటికి తిరిగొచ్చి 2023లో, 2024లో వరసగా రెండు కప్పులు కొట్టింది. 2025లో సెయింట్ జాన్స్ గార్డెన్‌లో టోర్నమెంట్ గెలిచింది. వాళ్ళ కోచ్ రిక్ పిటీనో, 1987లో ప్రావిడెన్స్‌ని ఫైనల్ ఫోర్‌కి తీసుకెళ్ళిన ఆ కుర్ర కోచే, ఇప్పుడు డెబ్భై దాటి.

ఈ లెక్కతో సినిమా తప్పని తేల్చేయచ్చు. నేను అలా అనను. కప్పులు గెలవడం లీగ్ బతికుందనడానికి సాక్ష్యం. కానీ గావిట్ కట్టింది కప్పులు గెలిచే యంత్రాన్ని కాదు, తప్పించుకోలేని ఇరుగుపొరుగుని. జార్జ్‌టౌన్, సిరక్యూస్ దాదాపు ఏటా రెండుసార్లు ఎదురుపడక తప్పేది కాదు, ఓడినవాడు మళ్ళీ నెలలోపే మొహం చూపించాలి. పగకి ఆ తప్పనిసరితనమే ఎరువు. ఇప్పుడు ఆ రెండు జట్లు ఆడుకుంటున్నాయి, సీజన్ మొదట్లో, ఇద్దరూ ఒప్పుకున్నప్పుడు, మర్యాదగా. దూరం చుట్టాలు పెళ్ళిలో పలకరించుకున్నట్టు. స్థానం మారేదీ లేదు, లెక్క తేలేదీ లేదు. పేరు మిగిలింది, హాలు మిగిలింది, కప్పులు కూడా వచ్చాయి. పోయింది ఆ వైరం. తద్దినం పెట్టాల్సింది దానికే అనుకుంటే ఎడెల్మన్ పెట్టిన పేరు సరైనదే.

2021 మార్చిలో పాట్రిక్ ఈవింగ్ జార్జ్‌టౌన్ కోచ్‌గా గార్డెన్‌కి వచ్చాడు. పైకప్పు నించి అతని జెర్సీ వేలాడుతున్న హాలది. లోపల తిరుగుతుంటే సిబ్బంది ఆపి ఆపి పాస్ ఏదీ అని అడిగారు. ఈ భవనంలో నేనెవరో అందరికీ తెలిసుండాలి కదా అని పత్రికలవాళ్ళ ముందు విసుక్కున్నాడు. రెండు రోజులకి టోర్నమెంట్ గెలిచాడు. ఒకప్పుడు అతన్ని అవమానించడానికి అట్టలు రాసుకొచ్చిన లీగ్, ఇప్పుడు అతన్ని గుర్తుపట్టని లీగ్. రెండూ మరుపే. మొదటి మరుపు చేసినవాళ్ళది, రెండోది తర్వాత పుట్టినవాళ్ళది.

పెర్ల్ వాషింగ్టన్ 2016లో పోయాడు. విల్లనోవా కోచ్ రోలీ మసిమినో 2017లో, జాన్ థాంప్సన్ 2020లో, స్వెటర్ కార్నెసెక్కా 2024లో తొంభైతొమ్మిదేళ్ళ వయసులో పోయారు. ఆ తరం మనుషులు మాట్లాడితే రికార్డయిన ఆఖరి పెద్ద సందర్భాల్లో ఆ సినిమా ఒకటి. బతికున్న లీగ్‌కి తద్దినం పెట్టిందని ఎంత తిట్టుకున్నా, బతికున్న మనుషులతో సమయానికి మాట్లాడించిన పుణ్యం దానికి దక్కుతుంది.

ఇంకో పుణ్యం కూడా ఉంది. సిరక్యూస్, సీటన్ హాల్, యూకాన్ అప్పటికి మూడు వేర్వేరు లీగ్‌లలో ఉన్నాయి. వాటి అభిమానులకి ఒకరితో ఒకరు దెబ్బలాడుకోవడానికి కారణమే మిగల్లేదు. ఆ సినిమా మీద మాత్రం వారాల తరబడి దెబ్బలాడుకున్నారు. ఎవరిని ఎక్కువ చూపించారు, ఎవర్ని వదిలేశారు, ఎవరు ఇల్లు వదిలారు, ఎవరు నిలబెట్టారు. పాత బిగ్ ఈస్ట్ ఆడిన ఆఖరి మ్యాచ్ అదేనేమో. స్కోరు ఇంకా తేలలేదు.